కెజియా కుడి చెయ్యి

తెనాలి,
6 ఆగస్టు 2023

అక్కా,

ఆ పసిదాని కుడి చెయ్యి పడిపోవడానికి కారణం నువ్వు. మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు, మెత్తగా చెప్పించుకునే హక్కు నీకు లేదు.

నాలుగు రోజులుగా ఫోన్ చేస్తుంటే ఎత్తవు. "నాన్నని రాయమను, ఫోన్లో అయితే సభలో మాట్లాడినట్టు మాట్లాడతాడు, నా మాట పూర్తికానివ్వడు" అని మా అమ్మాయి సుజనతో కబురు పెట్టావు. రాస్తున్నాను. తెనాలి నుంచి రేపల్లెకి రైలెక్కితే గంటంబావు ప్రయాణం. ఆ దూరానికి అన్నీ తెలిసిన ఇద్దరం పోస్టు బిళ్ళలు అంటించుకుంటున్నాం.

నిన్న బాపట్ల వెళ్ళొచ్చాను. పాప కెజియాకి ఎనిమిది వారాలు నిండబోతున్నాయి. ఎడమ చెయ్యి గాల్లో ఆడిస్తోంది, వేలు అందిస్తే పట్టుకుంది. కుడి చెయ్యి మెడకి వేలాడదీసిన కట్టులో ఉంది. అక్కడి ఎముకల డాక్టరు ఎక్స్ రే తీసి, ఎముక విరగలేదు, బెణికింది, ఆరు వారాలు కదపొద్దన్నాడట. సుజన అత్తగారు శోభారాణి గారే అంతా చెప్పారు. "వదినగారు మంచి మనిషే అన్నయ్యగారూ. నర్సు అయ్యుండి పిల్లని ఆ ముసలిదాని చేతిలో ఎలా పెట్టారండీ" అన్నారు. ఆ మాటకి జవాబు చెప్పాల్సింది నువ్వు. నీ దగ్గర ఉందా?

వాళ్ళమ్మ విమల పోయాక సుజనకి పుట్టిల్లంటే నీ ఇల్లే అయింది. తొలికాన్పుకి "మేనత్తని నేనుండగా ఇంకెక్కడికి పంపుతావురా" అన్నావు. ప్రభుత్వాసుపత్రి పురిటి గదిలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరైనదానివి. ఇప్పుడు అక్కడి నర్సింగ్ హోంలోనూ అదే పని. కాన్పు నీ కళ్ళ ముందే జరిగింది. అక్కడిదాకా నాకు నిశ్చింత. తొమ్మిదో రోజున బొడ్డు ఊడిందని, పసిపిల్లలకి నీళ్ళు పోసే కొండమ్మని పిలిచి తలంటు పోయించావు. ఆమె కాళ్ళు చాపుకుని పిల్లని పడుకోబెట్టి, నూనె చేతులతో రుద్ది, జబ్బలు వెనక్కి లాగింది. ఆ పీట మీదే చెయ్యి వాలిపోయింది. అంతకుముందు బాగుందని నేననట్లేదు, డిశ్చార్జి కాగితం అంటోంది. "సాధారణ కాన్పు. బరువు నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. అవయవాలన్నీ చక్కగా ఉన్నాయి." రాత నీదే, నాకు తెలియనిది కాదు.

ఇంకొకటి. అంతకుముందు, ఆరో రోజున నేను చూడ్డానికి వచ్చినప్పుడు పిల్ల మెడ నిండా చెమటకాయలు. జూన్ ఎండలో, రేపల్లె ఉక్కలో, పసిగుడ్డుని మెడ దాకా దుప్పటిలో బిగించి చుట్టి ఉంచావు. ఏం నర్సువి నువ్వు?

ఈ నెల మా ఆరోగ్య వేదిక బులెటిన్లో పసిపిల్లల తలంటు మీద రాస్తున్నాను. ముక్కులో నూనె ఊదడం, తల నొక్కడం, కాళ్ళూ చేతులూ గుంజడం. ఊరూరా జరుగుతున్న ఈ హింసని ఆచారమని ముద్దుగా పిలుచుకుంటున్నాం. పేరు పెట్టి రాస్తే తప్ప ఈ దేశంలో ఎవడికీ బుద్ధి రాదు. కొండమ్మ పేరు పెడుతున్నాను.

నీ తమ్ముడు,
రమేష్ బాబు

*

రేపల్లె,
10 ఆగస్టు 2023

తమ్ముడూ,

ఉత్తరం అందింది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీకు ఆయన మీద నమ్మకం లేకపోయినా నా అలవాటు నేను మానుకోలేను.

ఫోన్ ఎత్తనందుకు ఏమీ అనుకోకు. ఈ మధ్య డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండట్లేదు. కాళ్ళు వాస్తున్నాయి. అరవై దాటాయి నాకు.

నువ్వు నన్ను ఎన్నన్నా పడతాను. కొండమ్మక్క పేరు మటుకు అచ్చులో వెయ్యకు. నిన్ను అడుగుతున్నది ఇదొక్కటే. నువ్వు పుట్టినప్పుడు మనింట్లో నీకు నీళ్ళు పోసింది వాళ్ళమ్మ. పక్కన నిలబడి వేణ్ణీళ్ళు అందించింది ఈ కొండమ్మే. నీకు గుర్తుండదు, నాకు ఐదేళ్ళు, గుర్తుంది. ఆవిడకి డెబ్భై దాటాయి. ఈ పేటలో ఎవరింట్లో పిల్ల పుట్టినా బొడ్డూడాక ఆవిడకే కబురెళుతుంది. ఆవిడ చేతిలో ఇంతవరకు ఏ పిల్లకీ చీమ కుట్టినంత కూడా అవలేదు.

పాప సంగతి జాగ్రత్తగా విను. ఆ కట్టు విప్పించు. చెయ్యి అలా బిగించి ఉంచితే కీళ్ళు పట్టేస్తాయి. రోజుకి నాలుగైదు సార్లు, పాలు తాగి హాయిగా ఉన్నప్పుడు, భుజం, మోచెయ్యి, మణికట్టు నెమ్మదిగా మడిచి తెరవాలి. గుంజకూడదు. ఎముకల డాక్టరు కాదు, గుంటూరులో నరాల వాళ్ళకి చూపించాలి. మూడు నెలలు నిండేలోపు మోచెయ్యి మడవడం రాకపోతే ఆలస్యం చెయ్యకూడదు. తర్వాత ఆపరేషన్ చేసినా పూర్తిగా రాదు. సెప్టెంబరు పదమూడుకి మూడు నెలలు నిండుతాయి. ఆ తేదీ రాసి పెట్టుకో.

నేను చెప్పానని మటుకు వాళ్ళతో అనకు.

విమల ఉంటే బాగుండేది. నీతో వాదించడం దానికి చేతనయ్యేది.

నీ అక్క,
ప్రేమకుమారి

*

తెనాలి,
14 ఆగస్టు 2023

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. బులెటిన్ నిన్ననే అచ్చయింది. ఐదు వందల కాపీలు. ఒకటి దీంతో పెడుతున్నాను.

ముందే అందినా ఆపేవాణ్ణి కాదు. చిన్నప్పుడు వేణ్ణీళ్ళు అందించింది కాబట్టి పేరు పెట్టకూడదా? ప్రతి దురాచారం వెనకా ఇలాంటి ఒక మంచి ముసలమ్మ ఉంటుంది. ఆమె మంచితనం అడ్డం పెట్టుకునే అవి బతుకుతాయి. నేను ఆమెని తిట్టలేదు. చదువుకోని పేదరాలు, ఆమెకి నేర్పనిది మనమే అని కూడా రాశాను. చదువుకున్న నువ్వు ఎందుకు ఒప్పుకున్నావనే నా ప్రశ్న.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. నాలుగుసార్లు చదివాను. బెణుకైతే కట్టు విప్పమని ఎందుకంటావు? అది నరమని నీకెలా తెలుసు? బాపట్ల డాక్టరు పిల్లని ముందు పెట్టుకుని చెప్పలేనిది రేపల్లెలో కూర్చుని నువ్వెలా చెప్పావు? నెల, రోజు లెక్కగట్టి మరీ చెప్పావే. నేను చెప్పానని అనకు అంటావు. ఎందుకనకూడదు?

శోభారాణి గారితో కట్టు విప్పుదామంటే ఆవిడ డిశ్చార్జి కాగితం తీసి చూపించారు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన టీచరు, రాతపూర్వకంగా ఉంటే తప్ప దేన్నీ నమ్మరు. "పుట్టినప్పుడు బాగుందని రాసుంది కదండీ. తర్వాత లాగితే బెణుకే అవుతుంది గానీ నరమెందుకవుతుంది" అన్నారు. మా అల్లుడు ప్రశాంత్ తల్లి మాట దాటడు. బాపట్ల డాక్టరు కూడా ఆ కాగితం చూసే బెణుకన్నాడట. నీ మూడు వాక్యాలని పట్టుకుని అందరూ నిలబడి ఉన్నారు.

నాకొక అనుమానం వస్తోంది. నువ్వు కొండమ్మని కాపాడుతున్నావా, ఆ నర్సింగ్ హోం డాక్టరమ్మని కాపాడుతున్నావా? అన్నం పెట్టే చేతిని కరవలేకపోతున్నావా? నిజమైన కేస్ షీట్ నాకు పంపు.

రేపు కాలేజీలో జెండా ఎగరేస్తారు. స్వాతంత్ర్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో తోచట్లేదు.

రమేష్

*

రేపల్లె,
21 ఆగస్టు 2023

తమ్ముడూ,

నీ బులెటిన్ నాకంటే ముందు కొండమ్మక్క ఇంటికి చేరింది.

శుక్రవారం పొద్దున ప్రశాంత్ తరఫు వాళ్ళు ముగ్గురు బాపట్ల నుంచి కారేసుకుని వచ్చారు. ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. ఒకతను నీ కాగితం తీసి వీధిలో నిలబడి గట్టిగా చదివాడు. బాగా రాస్తావు నువ్వు, ఎక్కడా తడుముకోకుండా చదివాడు. ఆవిడకి సగం మాటలు అర్థం కాలేదు. తన పేరు మటుకు అర్థమయింది. "నా పేరు పేపర్లో ఎందుకు పడిందండీ" అని అడిగింది. కేసు పెడతామని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ పక్క వీధిలో ఒక పిల్లకి శనివారం బొడ్డూడింది. ఈవిడకి కబురు రాలేదు. నిన్న ఇంకో ఇంటి వాళ్ళు, ఇక రావొద్దని పిల్లాడితో చెప్పి పంపారు. సాయంత్రం నేను వెళితే ఆవిడ నన్ను కూర్చోమని స్టూలు వేసింది. అరచేతులు చూసుకుంటూ, "నర్సమ్మగారూ, నేను లాగలేదండి. నాకు తెలీకుండా ఏమైనా లాగానంటారా" అంది.

ఆవిడ తనని తాను అనుమానించుకోవడం మొదలుపెట్టింది, రమేషూ. అది నేను చూడలేకపోయాను.

అందుకని ఒక మాట రాస్తున్నాను. ఆ రోజు తలంటుకి పిల్లని నేనే ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టాను. చుట్టిన గుడ్డ విప్పింది. ఇంకా నూనె గిన్నె ముట్టుకోలేదు. కుడి చెయ్యి ఒకసారి ఎత్తి వదిలింది. అది రాలి పక్కన పడింది. "నర్సమ్మగారూ, ఈ చెయ్యి పలకట్లేదేంటండీ" అంది. ఆ చెయ్యి సంగతి ఆ ఇంట్లో నోరు తెరిచి చెప్పిన మొదటి మనిషి ఆవిడే. అప్పుడే పిల్లని చూడ్డానికి వచ్చిన శోభారాణి గారు, "ఇప్పుడేగా నువ్వు ఎత్తి పడేసింది" అన్నారు. అంతే. ఆ మాటే నిలిచిపోయింది.

కొండమ్మక్క చేతికి వచ్చేసరికే ఆ చెయ్యి అలా ఉంది. ఇంతకంటే నన్ను అడగకు. కట్టు విప్పించావా లేదా, అది చెప్పు. రోజులు పోతున్నాయి.

ప్రేమకుమారి

*

తెనాలి,
25 ఆగస్టు 2023

అక్కా,

అడగకు అంటే ఊరుకునే మనిషినా నేను?

కట్టు విప్పించాను. నరాల వాళ్ళకి చూపించాలని నేను పోట్లాడితే, సుజన ఏడిస్తే, ప్రశాంత్ చివరికి కట్టు విప్పడానికి ఒప్పుకున్నాడు. గుంటూరుకి మటుకు కదలరు. పుట్టినప్పుడు దెబ్బ తగిలిందని కాగితం చూపించమంటారు. నీ కాగితం అడ్డం. కట్టు విప్పితే చెయ్యి లోపలికి తిరిగి, మణికట్టు వెనక్కి వంగి వేలాడుతోంది. వేళ్ళు కదులుతున్నాయి. మోచెయ్యి మడవట్లేదు.

తలంటుకి ముందే ఆ చెయ్యి అలా ఉందంటే మిగిలేది కాన్పు బల్లే. నేనూ చదివాను. తల బయటికొచ్చాక బిడ్డ భుజం తల్లి కటి ఎముకకి అడ్డం పడితే, తల పట్టుకుని గుంజితే, మెడ దగ్గర చేతికెళ్ళే నరాలు సాగిపోతాయట. సాగినవి కొన్ని కోలుకుంటాయి, తెగినవి కోలుకోవు. అంటే ఎవరో గుంజారు. గుంజి, కడిగి, గుడ్డలో చుట్టి, "అవయవాలన్నీ చక్కగా ఉన్నాయి" అని నీ చేత రాయించారు.

ఆ డాక్టరమ్మ అవసరం లేని చోట కోస్తుంది, అవసరమైన చోట గుంజుతుంది. అంత పెద్ద బిడ్డకి ముందే ఆపరేషన్ ఎందుకు చెయ్యలేదు? ఏ పని తొందర ఆవిడకి? కోతల కాన్పులకి వ్యతిరేకంగా పదేళ్ళుగా రాస్తున్న నేను ఈ మాట అడగాల్సి రావడం చూశావా. అయినా అడుగుతాను. సెప్టెంబరు నాలుగు, సోమవారం పొద్దున పది గంటలకి మా వేదిక తరఫున ముప్పై మందిమి వచ్చి ఆ నర్సింగ్ హోం ముందు కూర్చుంటాం. బ్యానరు రాయించడానికి ఇచ్చాను.

నాకు ఒక్క పేరు కావాలి. పాప తల పట్టుకుని లాగిన చేతులెవరివి? పేరు రాయి. బ్యానరు మీద ఖాళీ వదిలాను.

రమేష్

*

రేపల్లె,
30 ఆగస్టు 2023

తమ్ముడూ,

పేరు ప్రేమకుమారి. ఖాళీలో రాయించుకో.

ఇది మూడో కాగితం. మొదటి రెండూ చింపేశాను. కూర్చుని చదువు, మధ్యలో నాకు ఫోన్ చెయ్యకు.

జూన్ పదమూడు పొద్దున పది గంటలకి డాక్టరమ్మ సుజనని చూసింది. "బిడ్డ పెద్దది, తల్లికి షుగరుంది, భుజాలు ఇరుక్కోవచ్చు. మత్తు డాక్టరు ఇవాళ ఇక్కడే ఉన్నారు. ఆపరేషన్ చేసేద్దాం" అంది. డబ్బు కోసం కోస్తానన్న మాట కాదది. సుజన నీకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. నేను పక్కనే దాని నడుం రాస్తున్నాను.

నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో. "కొయ్యడానికి ఏదో ఒక కారణం చెప్తారమ్మా. సంతకం పెట్టకు. నాలుగు వేల మందిని భూమ్మీదకి తెచ్చిన చేతులు మీ అత్తవి. అవుండగా నీకు డాక్టరెందుకు?" అన్నావు.

రమేషూ, ఇన్నేళ్ళలో నువ్వు నా పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా "చర్చి వాళ్ళ సిఫార్సు" అని నవ్వినవాడివి. ఆ మాట విని నేను పొంగిపోయాను. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "మీరేమంటారు ప్రేమకుమారి గారూ" అని అడిగింది. "దారి బాగానే ఉంది మేడమ్, చూద్దాం" అన్నాను. నేను ఆపరేషన్ అని ఉంటే సుజన వినేది. ఆపరేషన్ వద్దని కాగితం మీద సంతకం పెట్టింది.

సాయంత్రం ఐదూ నలభై ఒకటికి తల వచ్చింది. వచ్చి, మళ్ళీ లోపలికి లాక్కున్నట్టు బిగుసుకుపోయింది. అది చూడగానే నాకు తెలిసింది. డాక్టరమ్మ లోపల థియేటర్లో ఇంకో మనిషికి పొట్ట తెరిచి ఆపరేషన్ చేస్తోంది, మధ్యలో వదిలి రాలేకపోయింది. మోకాళ్ళు గుండెలకి మడవాలి, మడిచాం. పొత్తికడుపు కింద, భుజం తగులుకున్న చోట నొక్కాలి. కొత్త ఆయా స్టూలెక్కి కడుపు పైన నొక్కింది. అలా నొక్కితే భుజం ఇంకా ఇరుక్కుంటుంది. "అక్కడ కాదే" అని అరిచాను. సుజన కేకల్లో దానికి వినపడలేదు. పిల్ల మొహం నల్లబడుతోంది. గోడ మీద గడియారం ముల్లు కదులుతోంది. భయమేసి లాగాను. తల పక్కకి వంచి లాగాను. చెయ్యకూడదని నలభై మంది జూనియర్లకి నేర్పిన పని నేనే చేశాను. మెడలో ఏదో సాగినట్టు నా వేళ్ళకి తెలిసింది.

ఐదూ నలభై ఐదుకి భుజాలు వచ్చాయి. నాలుగు నిమిషాలు. ఇంకో రెండు మూడు నిమిషాలయితే పిల్ల దక్కేది కాదు. అదీ నిజమే, కానీ దాని చాటున దాక్కోను. ఏడ్చింది. ఏడుపుతో పాటు ఎడమ చెయ్యి లేచింది. కుడిది లేవలేదు.

డాక్టరమ్మ వచ్చి చూసి, "బతికించారు. చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి. ఇప్పుడే రాసి ఆ అమ్మాయిని భయపెట్టకండి" అంది. కాగితాలన్నీ డ్యూటీ దిగే ముందు ఒక్కసారి కూర్చుని నింపుతాం. ముప్పై నాలుగేళ్ళుగా అదే అలవాటు. "అవయవాలన్నీ చక్కగా ఉన్నాయి" అనే మాట కలం దానంతటదే రాస్తుంది. రాసింది. నేను కొట్టెయ్యలేదు. నాలుగు నిమిషాల సంగతి రాస్తే, ముందు ఆపరేషన్ ఎందుకు వద్దన్నారని రాయాలి. అది రాస్తే నీ పేరు వస్తుంది, సుజన సంతకం వస్తుంది. తన చేతులతో తన బిడ్డని చెడగొట్టుకున్నానని అది కుమిలిపోతుంది.

సుజన చూడకముందే చెయ్యి లేస్తుందనుకున్నాను. అందుకే ఆ ఎండల్లో మెడ దాకా చుట్టాను. గుడ్డలు నేనే మార్చాను. చెమటకాయలు నీ కంటపడ్డాయి, చెయ్యి పడలేదు. తలంటు వద్దని రెండు రోజులు వాయిదా వేశాను, సుజన పట్టుబట్టింది. శోభారాణి గారు కొండమ్మక్కని ఆ మాట అన్నప్పుడు నేను వేణ్ణీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఇంక నువ్వు కావాల్సినంత మందిని తీసుకురా. ముందు వరసలో కూర్చుని నన్నే తిట్టించు.

ప్రేమకుమారి

*

తెనాలి,
6 సెప్టెంబరు 2023

అక్కా,

ధర్నా ఆపేశాను. కారణం అడిగితే ఆరోగ్యం బాలేదన్నాను. బ్యానరు ఇంట్లో తలుపు వెనక చుట్టి పెట్టాను.

ఆ ఫోన్ నాకు గుర్తుంది. స్టాఫ్ రూంలో ఉన్నాను. ఆ మాటలు నీకోసం అనలేదు, పక్కన కూర్చున్న లెక్చరర్లు వినాలని అన్నాను. అది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని రాస్తున్నాను. నువ్వు పొంగిపోయిన మాట అది.

అయినా నేను వాదించకుండా ఉండలేను. కోతలు ఎక్కువైన మాట అబద్ధం కాదు, నేను రాసినవి తప్పుడు రాతలు కావు. కాని ఊరందరి లెక్కా తెచ్చి ఒక్క పిల్ల కడుపు మీద పెట్టాను. ఆ రోజు సుజన నా వ్యాసంలో ఒక ఉదాహరణ అయింది, నా కూతురు కాలేదు. కొండమ్మ ఇంకో ఉదాహరణ అయింది. మనిషిని చూడకముందే నా దగ్గర వాక్యం తయారుగా ఉంటుంది. నీ దగ్గరా తయారుగా ఒక వాక్యం ఉంది, "చక్కగా ఉన్నాయి" అని. ఒక తల్లి పిల్లలమే.

నిన్న టీచర్ల దినమని పిల్లలు శాలువా కప్పారు. దాన్ని సంచిలో పెట్టుకుని అటు నుంచి అటే బాపట్ల వెళ్ళాను, చెప్పేద్దామని. నీ ఉత్తరం జేబులో ఉంది. సుజన పాపని ఒళ్ళో వేసుకుని, నువ్వు చెప్పినట్టే మోచెయ్యి మడిచి తెరుస్తోంది. లెక్కపెడుతోంది. "నాన్నా, కొండమ్మ మీద కేసు పెడదామంటున్నారు అత్తయ్య. పెట్టమంటావా" అని అడిగింది. శోభారాణి గారు టీ తెచ్చిచ్చారు. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. నోరు తెరవలేదు. టీ చల్లారిపోయింది. "తొందరపడొద్దమ్మా" అని చెప్పి బస్సెక్కేశాను.

చెంబు పట్టుకుని నువ్వు నిలబడ్డావన్న చోటే చదవడం ఆపి నిన్ను తిట్టుకున్నాను. వారం తిరగకుండా గ్లాసు పట్టుకుని నేనూ అదే చేశాను.

మోచెయ్యి ఇంకా మడవట్లేదు.

కొండమ్మ సంగతి మెల్లగా సర్దుతాను. అక్టోబరు బులెటిన్లో వెనక పేజీలో ఒక చిన్న వివరణ వేస్తాను. సుజనకి కాస్త సమయం చూసి చెబుదాం. నీ పేరు బయటికి రానివ్వను, నాదీ అవసరం లేదేమో. ఏమంటావు?

రమేష్

*

రేపల్లె,
10 సెప్టెంబరు 2023

తమ్ముడూ,

మెల్లగా అంటావు. మెల్లగా అన్న మాట వల్లే నేను మూడు నెలలు పోగొట్టాను. పిల్లకి ఇంకో మూడు నెలలు లేవు. అందుకే దీన్ని పోస్టులో వెయ్యకుండా రేపు పొద్దుటి రైల్లో మనిషికిచ్చి పంపుతున్నాను.

ఇవాళ ఆదివారం ఆరాధన ముగించుకుని గుడి నుంచి వచ్చి తెల్లకాగితం మీద జరిగినదంతా రాశాను. ఐదూ నలభై ఒకటి, ఐదూ నలభై ఐదు. ఎవరు ఎక్కడ నొక్కారు, ఎవరు ఎటు లాగారు, ఆపరేషన్ ఎందుకు వద్దన్నారు. కింద సంతకం పెట్టాను. డాక్టరమ్మకి ఒక కాపీ ఇస్తే చదివి, "దీంతో మీ ఉద్యోగం పోతుందండి" అంది. "పోనివ్వండి మేడమ్, మీరూ ఒక సంతకం పెట్టండి" అన్నాను. కలం అడిగి తీసుకుంది. పెట్టింది. మనం అనుకున్నంత చెడ్డది కాదు, మనం అనుకున్నంత ధైర్యం కలదీ కాదు. మనలాంటిదే.

అక్కడి నుంచి కొండమ్మక్క దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ రెండు అరచేతులూ చూసుకుని, "అయితే నేను లాగలేదన్నమాట" అంది. మళ్ళీ ఇంకోసారి అంది. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ప్రతి కరపత్రం చివరా నువ్వు డిమాండ్లు రాస్తావు. నేను జీవితంలో ఎవర్నీ ఏదీ డిమాండ్ చెయ్యలేదు. ఇవి నావి.

1. బుధవారం, పదమూడో తారీఖు పొద్దున తొమ్మిదింటికి గుంటూరులో నరాల సర్జను దగ్గర కెజియా పేరు రాయించాను. పాపని తీసుకురావాలి. శోభారాణి గారు కాగితం అడిగితే దీంతో పెట్టిన కాగితం చూపించాలి.

2. ఆపరేషన్ కావాలని ఆయనంటే నువ్వు నోరు మూసుకోవాలి. అక్కర్లేదన్నా మూసుకోవాలి.

3. మంగళవారం సాయంత్రంలోపు సుజనకి నువ్వే చెప్పాలి. ఎదురుగా కూర్చుని చెప్పాలి. సంతకం నీది, మాట నాది అని చెప్పాలి. నా సంగతి కూడా చెప్పు. తర్వాత అది నా మొహం చూడనంటే నేను ఒప్పుకుంటాను.

4. బులెటిన్లో వెనక పేజీ కాదు, మొదటి పేజీ. కొండమ్మక్క పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేశావో అంత పెద్ద అక్షరాల్లో ఆవిడ తప్పు లేదని వెయ్యాలి. నీ పేరూ నా పేరూ అదే అక్షరాల్లో ఉండాలి.

5. ఆవిడకి చదువు రాదు. నువ్వు రేపల్లె వచ్చి, వాళ్ళు నిలబడి చదివిన వీధిలోనే నిలబడి, అంతే గట్టిగా చదవాలి.

6. మా పురిటి గదిలో ఇక నుంచి తల ఎప్పుడొచ్చింది, భుజాలు ఎప్పుడొచ్చాయి అన్నది గడియారం చూసి అప్పటికప్పుడు రాయాలి. డ్యూటీ దిగేటప్పుడు కాదు. కడుపు పైన ఎవరూ నొక్కకూడదు. ఇది డాక్టరమ్మకి రాసిచ్చాను. నీ ముప్పై మందినీ దీనికోసం తీసుకురా, నేనూ కూర్చుంటాను.

7. ఇంకెప్పుడూ, ఏ ఆడమనిషికీ, ఫోన్లో సంతకం పెట్టమనీ చెప్పకు, వద్దనీ చెప్పకు.

8. కెజియా మొదటి పుట్టినరోజుకి తలంటు కొండమ్మక్కే పొయ్యాలి, ఆవిడ ఒప్పుకుంటే. ఒప్పించాల్సింది నువ్వు. వేణ్ణీళ్ళు అందించాల్సింది కూడా నువ్వే.

ప్రేమకుమారి